కుంకుమ ఎరుపు గాలం

ఆ ఆదివారం పొద్దున్నే రామాంజినేయులు మగ్గం దిగి గాలం పట్టాడు. హిందూపురం జవళి వ్యాపారి చెన్నకేశవులు మధ్యాహ్నం బండికి వచ్చి, కుంకుమ ఎరుపు నమూనా చూసి, నచ్చితే ఇరవై పెళ్ళిచీరలు నేయమంటానన్నాడు. ఇరవై చీరలంటే ఇంటిల్లిపాదికీ ఆరు నెలల పని. చెన్నకేశవులుకేమో చేపల పులుసంటే ప్రాణం.

"సంతలో కొంటే పోదా?" అంది భార్య కుళ్ళాయమ్మ, మసాలా నూరుతూ.

"కొన్న చేప ఎవడైనా పెడతాడు. నేను పట్టి పెడతా!"

ధర్మవరం నేతగాడికి అందమంటే ఎరుపూ జరీయే. చేపకూ అంతే అనుకున్నాడు మహానుభావుడు. నమూనా నేయగా మిగిలిన ఎర్రపట్టు గాలానికి చుట్టి, జరీ పోగులతో కుచ్చు కట్టాడు. దారం కూడా పట్టుదే. పెనుకొండ నుంచి వచ్చిన బావమరిది సుంకన్న తన కొత్త నైలాన్ దారం చూపించి పకపకా నవ్వాడు.

"బావా, నీ దారం చేపకు మోకు మాదిరి కనపడతాది. నాది నీళ్ళలో ఉండాదో లేదో దేవునికే తెలీదు."

"దారం కనపడకుంటే పనితనం యాడ కనపడతాదిరా?"

చెరువు తూము దగ్గర గోడకు ఇటొకరు, అటొకరు కూర్చున్నారు. పట్టుదారం నీళ్ళు తాగి బరువెక్కి అడుక్కి దిగింది. చేపలు వచ్చాయి, చూశాయి, పోయాయి.

ఇంతలో చెన్నకేశవులు ముందు బండికే దిగి, కుళ్ళాయమ్మ చెప్పిన దారిన చెరువు దగ్గరికే వచ్చేశాడు. వంగి నీళ్ళలోకి చూశాడు.

"ఏమప్పా, ఆ గాలానికి ఉండేది నమూనా పట్టేనా?"

"అదే సామీ!" అన్నాడు రామాంజినేయులు గర్వంగా.

"మరి ఎరుపు యాడ పాయ? నల్లబడి ఉండాదే! ముహూర్తంలో వానొస్తే నా అంగడి పరువేం గావాల?"

రామాంజినేయులు గబుక్కున లేచాడు. "రంగు పోలేదు సామీ! లోతుకు పోతే నీళ్ళే ఎరుపును మింగేస్తాయి. పైకి తీస్తే మళ్ళా ఎరుపే!"

తీసి చూపిద్దామంటే గాలం అడుగున రాతికి తగులుకుంది. ఎంత లాగినా రాదే! ఇరవై చీరలూ చేజారుతున్నాయని తెలిసి అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"మీ తలగుడ్డా ఎరుపే గదా సామీ. ముంచి చూడండి!"

చెన్నకేశవులు తలపాగా విప్పి కొస పట్టుకుని లోతుగా వదిలాడు. అదీ నల్లబడింది.

"అవునప్పో!" అంటుండగానే తలపాగాను ఏదో గట్టిగా లాగింది. సుంకన్న గాలం గోడ కింది సందులోంచి ఇటు కొట్టుకొచ్చి గుడ్డకు గుచ్చుకుంది. నైలాన్ దారం ఎవరికి కనపడాలి!

"చేప! పేద్ద చేప!" అని చెన్నకేశవులు లాగాడు.

"బావా, పడిందిరో! మొసలంత ఉండాది!" అని గోడ అవతల సుంకన్న లాగాడు.

సుంకన్నకు వయసు తక్కువ, బలం ఎక్కువ. చెన్నకేశవులు దబ్బుమని నీళ్ళలో పడ్డాడు. ఇరవై చీరలు కళ్ళెదుటే మునిగిపోతుంటే రామాంజినేయులు కూడా దూకాడు. పట్టుకుని గట్టుకు చేర్చేసరికి వ్యాపారి కాలికి చుట్టుకున్న పట్టుదారంతోపాటు గాలమూ ఊడి పైకొచ్చింది. చూస్తే కణకణలాడే కుంకుమ ఎరుపు! చెన్నకేశవులు మొహం మీద మాత్రం, నీళ్ళలో మెడకు చుట్టుకున్న సొంత తలపాగా రంగు ధారలు కట్టింది.

"చూడండి సామీ, చుక్క పోలేదు!" అని చేతులు జోడించాడు రామాంజినేయులు.

వ్యాపారి పోగును తిప్పి తిప్పి చూశాడు. "ఈ రంగు నాకొద్దప్పా."

రామాంజినేయులు గట్టు మీద చతికిలబడ్డాడు.

"మునిగినప్పుడు కండ్లు తెరిచి చూసినా. ఆడ నీ పట్టు ముదురు చింతపండు మాదిరి, జరీ ఒక్కటే తళతళమంటా... అబ్బబ్బా! అట్లాంటి చీర బెంగళూర్లో గూడా లేదు. ఇరవై కాదు, నలభై నెయ్యి. అచ్చం ఆ రంగే కావాల."

ఆ రంగు ఏ అద్దకం తొట్టిలోనూ లేదు. మరునాటి నుంచి రామాంజినేయులు రోజూ పొద్దున్నే తూము దగ్గర ఎర్రపోగు నీళ్ళలో ముంచి, కొత్తగా అద్దిన పోగులను దానితో సరిచూస్తూ గంటలకొద్దీ వంగి కూర్చునేవాడు.

గట్టు మీద పోయేవాళ్ళు మాత్రం, పాపం, ఇతనికి ఇంకా ఒక్క చేపా పడలేదనుకునేవారు.