పన్నెండున్నర బస్సు

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి వెళ్లే దారిలో స్కూటర్ హారన్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటుంది. ప్రసవ సెలవు ముగించుకుని తిరిగొచ్చే తల్లుల కోసం ఆ యాజమాన్యం పూటపని ప్రవేశపెట్టిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చి మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్లిపోవచ్చు. జీతం కూడా సగమే ఇచ్చి, మిగతా సగాన్ని ఎలా ఖర్చు పెట్టాలన్న బెంగ తల్లులకు లేకుండా చేశారు. ప్రకటన కాగితం మీద ఉయ్యాల బొమ్మ కూడా వేయించారు.

సింధూర వెంటనే సంతకం పెట్టింది. ఆమెది తిరుత్తణి అవతల ఆర్.కె.పేట. హారన్లు సరిగ్గా మోగుతున్నాయో లేదో చూడటం ఆమె పని. ఇంట్లో ఏడు నెలల భవ్యశ్రీ ఉంది. ఆ పిల్ల సీసా నోటి దగ్గరికి తెస్తే చాలు, మొహం తిప్పేసుకుంటుంది. మధ్యాహ్నం రెండున్నరకల్లా ఇల్లు చేరి బిడ్డను ఒళ్లో వేసుకుని పాలివ్వాలి. సింధూరకు కావలసింది అంతే. ఆ ఒక్క ఆశతోనే సగం జీతం వదులుకుంది.

మొదటి రోజు పన్నెండున్నరకు సంచి తగిలించుకుని గేటు దగ్గరికి వెళ్లింది. వాచ్‌మన్ ఏకాంబరం లేచి నిలబడ్డాడు.

"యాడికమ్మా?"

"ఇంటికి, అన్నా. నాది పూటపని."

"పూటపని సరేమ్మా. ఆడోళ్లు కంపెనీ బస్సులోనే బయటికి పోవాలని ఆర్డరుండాది. అంతా మీ సేఫ్టీకే. బస్సు ఆరింటికి."

ఆడవాళ్ల భద్రతకు ఎవరు మాత్రం అడ్డం చెబుతారు? సింధూర వెనక్కి తిరిగింది. యాజమాన్యం ముందుచూపుతో తల్లులకు విశ్రాంతి గది కూడా కట్టించింది. అందులో ఒక ఫ్యాను, గోడ మీద నవ్వుతున్న తెల్లదొరల పాపాయి పటం. ఆరింటిదాకా ఆ పాపాయిని ఎంతసేపైనా చూసుకోవచ్చు. సింధూర మూడు రోజులు చూసింది. రవిక తడిసి, రొమ్ములు సలిపితే బాత్రూంలోకి వెళ్లి పాలు పిండి పారబోసి, ఏడ్చి, మొహం కడుక్కుని మళ్లీ వచ్చి చూసింది. నాలుగో రోజు సూపర్‌వైజరుకు జాలేసింది. ఊరికే కూర్చుంటే మనసు పాడవుతుందని నాలుగు పెట్టెల హారన్లు తెచ్చి ముందర పెట్టాడు. అది పని కాదు, కాలక్షేపం. కాలక్షేపానికి జీతమివ్వడం ఎక్కడా లేదు.

ఇంట్లోవాళ్లూ పథకాన్ని మనస్ఫూర్తిగా ఆదరించారు. అత్త వజ్రమ్మ, బిడ్డను చూసుకునే తంగమ్మను మాన్పించేసింది. "అరపూట పనే కదమ్మే, ఇంక మనిషెందుకు?" అంది. భార్యకు ఇంత తీరిక దొరికిందని తెలిసి భర్త మణికంఠ చుట్టాలను భోజనాలకు పిలవడం మొదలుపెట్టాడు. దీపాలు పెట్టిన తర్వాత ఇల్లు చేరే సింధూరకు ఆ మిగతా అరపూట పని తొట్టి నిండా అంట్ల రూపంలో ఎదురుచూసేది. పక్కన, గంజినీళ్లు కక్కి ఏడ్చి ఏడ్చి పడుకున్న బిడ్డ.

ఇలా మూడు నెలలు గడిచాక, ఫ్యాక్టరీకి ఉత్తమ మాతృస్నేహ సంస్థగా అవార్డు రావడంలో వింతేముంది? సభలో పర్సనెల్ మేనేజర్ గుణశేఖర్ మాట్లాడాడు. "స్త్రీ శక్తి, శిశు సంక్షేమం, మన ఉత్పత్తి లక్ష్యం, ఈ మూడూ ఒకే ఉయ్యాలలో ఊగే బిడ్డలు," అన్నాడు. అవార్డు ఇవ్వడానికొచ్చిన అతిథిగారు కరిగిపోయి, ఇంకేమైనా కావాలా తల్లీ అని ముందు వరసలో ఉన్న సింధూరను అడిగారు. అలా అడగడం ఆనవాయితీ. జవాబు చెప్పడం కాదు. సింధూరకు ఆ సంగతి తెలియదు.

"పన్నెండున్నరకి ఒక బస్సు ఇడిస్తే సాలు సార్. పొయ్యి బిడ్డకి పాలిచ్చుకుంటా."

చప్పట్లు మోగాయి. మరుసటి సోమవారమే బస్సు మంజూరైంది. సింధూర ఆ పూట ఇంటికి ఫోన్ చేసి, బిడ్డకు గంజి పట్టొద్దని కూడా చెప్పింది.

అతిథిగారు పచ్చజెండా ఊపి అదే బస్సులో తిరువళ్ళూరు వెళ్లారు కాబట్టి, దాని రూటు తిరువళ్ళూరుగా ఖరారైంది. సింధూరది తిరుత్తణి వైపు. రూటు కాని బస్సెక్కించడం ఆమె భద్రతకే మంచిది కాదు. ఖాళీ బస్సు తిప్పితే పైవాళ్లు ఊరుకోరని, తిరువళ్ళూరులో కాపురముండే గుణశేఖర్ ఆ భారం తన నెత్తినేసుకున్నాడు. రోజూ పన్నెండున్నరకు బయల్దేరి, ఏడాదిన్నర కొడుకు ధనుష్‌కు పప్పన్నం తినిపించి, ఓ కునుకు తీసి మూడున్నరకు వస్తాడు. ఆయనది పూర్తి జీతం కాబట్టి ఇది పూటపని కిందికి రాదు.

కొడుక్కి ముద్ద పెడుతున్న ఆయన ఫోటో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. మీకూ వచ్చే ఉంటుంది. మీరు పెట్టిన దండం బొమ్మ మేం చూశాం.

అంట్లు తోముతున్న సింధూర దగ్గరికి వజ్రమ్మ ఫోన్ పట్టుకొచ్చి చూపించింది.

"చూడమ్మే, మగోడై ఉండి కూడా బిడ్డ కోసరం మద్దేన్నం ఇంటికి పరిగెత్తి వస్తాండాడు. నువ్వూ ఉండావు, తల్లివని."