కొంగ వచ్చేదాకా లోడరు కదలదు

మార్చి ఒకటో తేదీ పొద్దున జ్లాత్కా వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఆరున్నరకి క్వారీకి చేరాలి, లోడరుకి గ్రీజు పెట్టాలి, ఇరవై లారీలకి కంకర ఎత్తాలి, రెండున్నరకల్లా దిగిపోయి మూడింటికి కూతురి బాలబడిలో ముందు వరుసలో కూర్చోవాలి. నాటకంలో కూతురు కాలినాది కొంగ వేషం. కొత్త సంవత్సరం నాటకంలో ఆ పిల్ల కుందేలు. ఆ రోజు లోడరు బకెట్టు పిన్ను బిగుసుకుపోయి జ్లాత్కా వెళ్ళలేకపోయింది. కాలినా రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడి, "నువ్వు లోడరుకే అమ్మవి" అంది. ఆ మాట రెండు నెలలుగా జ్లాత్కా గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ పొద్దున కాలినా నిద్రకళ్ళతోనే తల్లి మణికట్టుకి ఎరుపు తెలుపు దారం కట్టింది. మార్చి ఒకటిన ఊరంతా కట్టుకునేదే. ఆ ఏడు మొదటి కొంగనో, మొదట పూసిన చెట్టునో కళ్ళారా చూసేదాకా దాన్ని విప్పకూడదు.

"ఈసారి రాకపోయావో" అంది కాలినా, ముడి గట్టిగా లాగుతూ.

"వస్తానే తల్లీ. ఆకాశం విరిగి పడినా వస్తాను."

ముందురోజే మేస్త్రీ గుంచో తేల్చి చెప్పాడు: "ఇరవై లారీలు నింపెయ్, ఎన్నింటికైనా పో. ఇరవయ్యోది నిండకుండా మాత్రం గేటు దాటకు." గుంచో మాట మీద నిలబడే మనిషి. ఆ మాట ఎవరి నెత్తి మీద నిలబడిందో మాత్రం చూడడు.

జ్లాత్కా వెళ్ళేసరికే ఏడు లారీలు వరసలో ఉన్నాయి. ఆమె గ్రీజు గన్ను చంకలో పెట్టుకుని, బ్యాటరీ స్విచ్చు తిప్పడానికి లోడరు పక్క మూత తెరిచింది. ఆపి ఉన్న స్విచ్చు పిడిలోంచి కమ్మీకి ఎరుపు తెలుపు తాడు కట్టి ఉంది. ఒకటి కాదు, ఏడు ముళ్ళు.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. జనవరిలో గుంచో పెట్టిన రూలు అది. మరమ్మతులో ఉన్న బండికి స్విచ్చు ఆపి ఎరుపు తెలుపు తాడు కట్టాలి. కట్టినవాడే విప్పాలి. ఇంకొకరు చెయ్యి వేస్తే ఆ రోజే ఇంటికి. గోదాములో ఆ రంగు తాడు ఒక చుట్ట పడి ఉందని ఆ రంగు పెట్టాడు. కింద అందరూ సంతకాలు చేశారు.

"స్తామెనన్నా," అని మెకానిక్కుని కేకేసింది. "నా బండిని కట్టేయడానికి నీకు ఈ రోజే దొరికిందా?"

స్తామెన్ టీ గ్లాసుతో తీరిగ్గా వచ్చి చూశాడు. "నేను కట్టలేదు. నువ్వే కట్టావేమో."

"కట్టుకుని నేనే అరుస్తానా?"

"మా ఆవిడ అలాగే చేస్తుంది."

మరమ్మతుల పుస్తకం తెరిచారు. ఏమీ రాసి లేదు. స్తామెన్ మొహం గంభీరమైంది. "రాయకుండా కట్టారంటే, రాయడానికి చేతులు ఆడలేదన్నమాట. పెద్ద లోపమే చూసుంటారు" అన్నాడు.

గుంచో పరుగున వచ్చాడు. ఆయన కోపం ఆయనకంటే నాలుగడుగులు ముందే వచ్చింది. "ఎవడు కట్టాడు? ఎందుకు కట్టాడు? కట్టాడంటే ఏదో ఉంది. వెతకండి."

"ఉత్తినే అయితే?" అంది జ్లాత్కా.

"నా రూలు ఉత్తిదా?"

వెతకడం మొదలయింది. ఇంజను ఆన్ చేయకూడదు కాబట్టి, ఏది బాగుందో తెలిసే దారి లేదు. స్తామెన్ ఆయిలు పుల్ల బయటికి లాగి పెదవి విరిచాడు. "నల్లగా ఉంది."

"ఇంజనాయిలు నల్లగా కాక పెరుగులా ఉంటుందా?"

"చూడబోతే అనుమానంగా ఉన్నది ఇదొక్కటే" అంటూ ఆయిలంతా పీపాలోకి దింపేశాడు. ఆయిలు తీశాక ఫిల్టరు కూడా తీయాలి కదా అని తీశాడు. ఫిల్టరు చేతిలోంచి జారి, కాస్త ఆయిలు బకెట్టు ఎత్తే గొట్టాల కింద చిందింది. అప్పుడే అటు తిరిగొచ్చిన గుంచో ఆ మడుగు చూసి, "దొరికింది, గొట్టం కారుతోంది" అన్నాడు. స్తామెన్ రెంచీ అందుకున్నాడు. రెండు గొట్టాలూ ఊడదీశారు. పొద్దున ఏ జబ్బూ లేని లోడరు, పది గంటలకల్లా పెళ్ళివారు వెళ్ళిపోయిన పందిరిలా తయారయింది.

లారీలు పద్నాలుగయ్యాయి. హారన్లు ఆగడం లేదు. జ్లాత్కా పళ్ళు నూరుతూ, చేయడానికి ఇంకేమీ లేక, కదలని బండికే పదిహేను చోట్లా గ్రీజు కొట్టింది. ఒక్కో చోట గన్ను నొక్కినప్పుడల్లా ఒక్కొక్కరిని తిట్టుకుంది. తిట్టాల్సినవాళ్ళు అయిపోయాక ఇంకా నాలుగు చోట్లు మిగిలాయి.

మధ్యాహ్నం పన్నెండింటికి దోనా అవ్వ చిక్కుడు గింజల పులుసు గుండిగతో వచ్చింది. క్వారీ వంటశాల ఆవిడదే. గుంచో ఆవిడ కొడుకే. "తొందరగా తినండి, సాయంత్రం నాకు పనుంది" అంటూ గుండిగ దించి, గొనె మీద పరిచిన ఫిల్టర్లూ గొట్టాలూ చూసి ఆగిపోయింది.

"నా గేదె తోలు ఎవడు వలిచాడ్రా?"

"నీ గేదె ఏంటమ్మా?" అన్నాడు గుంచో.

"మా నాన్న మార్చి ఒకటిన గేదెల కొమ్ములకి దారం కట్టేవాడు, ఏడాదంతా దిష్టి తగలకుండా. మీకు గేదెలు లేవు, ఈ పచ్చ లోడరే ఉంది. దీనికి కొమ్ములు దొరక్క ఆ మూతలో కట్టాను. తెల్లారుజామునే వచ్చి, ఏడు ముళ్ళేశాను."

స్తామెన్ పీపాలో ఉన్న ఆయిలు వైపు చూసి టోపీ కిందకి లాక్కున్నాడు.

"అవ్వా, విప్పెయ్యి," అంది జ్లాత్కా.

"కొంగ కనబడిందా?"

"ఇంకా రాలేదు."

"చెట్టు పూసిందా?"

చుట్టూ రాళ్ళు, దుమ్ము. కొండ మీద చెట్లింకా మొద్దునిద్రలో ఉన్నాయి.

"మరి ఎట్లా విప్పనమ్మాయ్?"

గుంచో కత్తెర కోసం చెయ్యి చాచాడు. అవ్వ గరిటె ఎత్తింది. "ఎవడు తెంపితే వాడికి పులుసు లేదు. వాడు నా కడుపున పుట్టినా సరే. అయినా కట్టినవాళ్ళే విప్పాలని గోడకి అంటించావుగా నువ్వు."

వరసలో మొదటి లారీ డ్రైవరు కూడా కిందకి దిగాడు. "దారం తెంపిన బండి బకెట్టు కింద నా లారీ పెట్టను. మా తమ్ముడు ఇలాగే మార్చిలో దారం తెంపుకున్నాడు."

"ఏమైంది?"

"ఏప్రిల్లో పెళ్ళయింది."

జ్లాత్కా గ్రీజు గన్ను నేలకేసి కొట్టింది. ఒంటిగంట కావస్తోంది. ముందు వరుస, కాలినా మొహం, ఇంకో రెండు రోజుల మౌనం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. "కొంగే కదా కావాలి నీకు? ఉండు. స్తామెనన్నా, నేను వచ్చేలోగా ఊడదీసినవన్నీ బిగించి కొత్త ఆయిలు పొయ్యి. ఒక్క మర మిగిలినా నీ జేబులో పెట్టి కుడతాను."

కొంగ కోసం కాబట్టి గుంచో తనే గేటు తీశాడు. పెళ్ళయిన తమ్ముడి అన్న లారీలోనే బాలబడికి వెళ్ళింది. పంతులమ్మ తలుపు దగ్గరే అడ్డుపడింది. "కొంగ లేకపోతే నాటకం ఎట్లా?"

"మూడింటికి తెచ్చేస్తాను" అంది జ్లాత్కా, ఆ మాట మీద తనకే నమ్మకం లేకుండా.

కాలినా తెల్ల దుప్పటి రెక్కలతో, ఎర్ర అట్టముక్కుతో లారీ దిగింది. దోనా అవ్వ కళ్ళద్దాలు తుడుచుకుని పిల్ల చుట్టూ ఒకసారి తిరిగింది.

"కాళ్ళు లావు."

"చిన్న కొంగని," అంది కాలినా. "ఇంకా పెరుగుతాను."

"ఏ దేశం నుంచి వస్తున్నావు?"

"బాలబడి నుంచి. ముక్కు ఊడిపోతోంది, తొందరగా చూడండి."

అవ్వ తల ఊపి, వంగి, ఏడు ముళ్ళూ ఒక్కొక్కటే విప్పింది. ఏడో ముడికి మూడు నిమిషాలు పట్టింది. గుంచో అంతసేపూ గడియారం వంక కాక తల్లి వీపు వంక కోపంగా చూశాడు, ఆవిడ ఇటు తిరగలేదు కాబట్టి.

బకెట్టు కిందకి మొదటి లారీ వచ్చేసరికి రెండయింది. జ్లాత్కా జీవితంలో అంత కసిగా కంకర ఎత్తలేదు. కొంగ వంటశాల కిటికీలో కూర్చుని లారీలు లెక్కపెట్టింది. ఎనిమిదో లారీకి మూడు కొట్టింది. జ్లాత్కా గడియారం చూడటం మానేసి, మీటలన్నీ విరిగిపోతాయేమో అన్నట్టు లాగింది. ఇరవయ్యోది నిండేసరికి నాలుగున్నర. ఆమె దిగి, పిల్ల మొహం చూడటానికి ధైర్యం చాలక చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

వంటశాల తలుపు తెరుచుకుంది. దోనా అవ్వ ఎర్ర పావడా కట్టి, బుగ్గలకి పిండి పూసుకుని, చీపురు పట్టుకుని బయటికొచ్చింది.

"పద, నన్ను కూడా బాలబడి దగ్గర దించు. మూడింటికి నా నాటకం ఉంది."

"నీకేం నాటకం అవ్వా?"

"మార్చి నెలని తెచ్చే మార్త అవ్వ వేషం. పదేళ్ళుగా నేనేగా. కోపిష్టి ముసలిది కావాలంటే ఊళ్ళో ఇంకెవరున్నారు?"

"మరి నాలుగున్నర అయిందిగా."

"నేను వెళ్ళకుండా మార్చి ఎట్లా మొదలవుతుంది?"

మొదలవలేదు కూడా. గంటన్నరగా కూర్చున్న తల్లిదండ్రులు విసిగి సగం మంది ఆవరణలో తిరుగుతున్నారు. పంతులమ్మ నోరు తెరిచి, అవ్వ చేతిలో చీపురు చూసి మూసుకుంది. ముందు వరుస మొత్తం ఖాళీ. గ్రీజు చేతులతో జ్లాత్కా సరిగ్గా మధ్య కుర్చీలో కూర్చుంది. వేదిక మీద కొంగ రెక్కలు విప్పి, చెప్పాల్సిన మాటకి ముందు, "అమ్మా, లోడరుని నేనే విడిపించాను" అని అందరికీ వినబడేలా చెప్పింది.

మర్నాడు గుంచో మరమ్మతు తాడు రంగు నీలానికి మార్చి గోడకి అంటించాడు. తల్లిని మార్చే రూలు మాత్రం ఇంకా రాస్తూనే ఉన్నాడు.