బుల్లెట్ సంఘం వారి ఘన్‌పూర్ సవారీ

గోదావరి పొంగి ఏటూరునాగారం ఇళ్లలోకి నీళ్లు వచ్చిన ఏడు, హనుమకొండ చౌరస్తాలో సారయ్య చాయ్ హోటల్ ముందు కూర్చుని తొమ్మిది మంది పెద్దమనుషులు మానవజాతిని రెండుగా విడదీశారు. బుల్లెట్ నడిపేవాళ్లు ఒక జాతి. మిగిలినవాళ్లందరూ ఇంకో జాతి. ఇంత ముఖ్యమైన పని అంతకు ముందు ఎవరికీ ఎందుకు తోచలేదో తెలియదు.

విడదీసిన మరునాడే సంఘం పెట్టారు. దాని పేరు కాకతీయ బుల్లెట్ సవారీదారుల సంఘం. అధ్యక్షులు రాజేశ్వర్ రావు గారు. ఆయనకు మీసం పెద్దది కాబట్టి ఎన్నిక అవసరం పడలేదు. ఆయన చాయ్ తాగుతూ ఒక్కొక్క సిద్ధాంతం చెప్పేవారు, మిగిలినవాళ్లు తలలు ఊపేవారు. స్కూటర్ అంటే భార్య పంపితే కూరగాయలకు పోయే బండి. లూనా పంతుళ్లది. రాజ్‌దూత్ పాలవాళ్లది. బుల్లెట్ ఒక్కటే మగవాడిది. బుల్లెట్ వాడు పని మీద ఎక్కడికీ పోడు, పని మీద పోతే అది డ్యూటీ అవుతుంది గాని సవారీ కాదు. వాన వస్తే చెట్టు కిందికి పోడు. ఒంటి మీద పడిన దుమ్మూ బురదా కడుక్కోడు, అవి అతని నగలు.

ఈ తొమ్మిది మందిలో చివరి కుర్చీ వెంకట్రాజానిది. ఆయన ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆయన ఉండే వాడలో వెంకట్రాజాలు ముగ్గురు. ఒకాయన చిట్టీల వెంకట్రాజం, ఇంకొకాయన డోలు వెంకట్రాజం. సైకిల్ హ్యాండిల్‌కు గిన్నె తగిలించుకుని ఏండ్ల తరబడి ఆఫీసుకు పోయినందుకు మన వెంకట్రాజాన్ని సద్దిగిన్నె వెంకట్రాజం అనేవారు. ఎదురుగానే అనేవారు. పెండ్లి పత్రికల మీద కూడా అట్లాగే రాసేవారు. అట్లా రాయకపోతే పత్రిక డోలు వెంకట్రాజం ఇంటికి పోయేది మరి. ఒకనాడు హర్రాజులో పాత బుల్లెట్ ఒకటి ఆయన చేతికి వచ్చింది. వారం తిరక్కుండా ఆయన బుల్లెట్ వెంకట్రాజం అయ్యాడు. మునుపు ఒరే అన్నవాళ్లు గారు చేర్చారు. భార్య రాజక్క మాత్రం ఏమీ మారలేదు.

"ఊరు సద్దిగిన్నె మర్చిపోయిందయ్యా. నేను దాన్ని కడుగుడు ఎన్నడు మరువాలె?" అనేది.

ఆ పేరు నిలబడటానికి ఒక్కటే అడ్డం. వెంకట్రాజం బండి మీద ఊరు దాటి ఎరగడు. హనుమకొండ నుంచి వరంగల్ కోట దాకా పోయేవాడు, కోట నుంచి హనుమకొండకు తిరిగి వచ్చేవాడు. ఊరు దాటితే లారీలు వస్తాయి. లారీ ఎదురు వస్తే ఆయనకు భయం. బండి దిగి, పక్కకు నిలబడి, లారీకి దారి ఇచ్చేవాడు. చూసినవాళ్లు మర్యాద అనుకునేవారు. మిగిలిన ఎనిమిది మందీ కాశ్మీరు దాకా పోయి వచ్చినట్టు మాట్లాడుతుంటే ఆయన చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చునేవాడు.

హోటల్ పక్కన సంఘం వాళ్లు ఒక రేకుల షెడ్డు వేయించి, 'బుల్లెట్లకు మాత్రమే' అని బోర్డు పెట్టారు. ఒకనాడు హసన్‌పర్తి పాల కట్టయ్య తన రాజ్‌దూత్‌కు రెండు పక్కలా క్యాన్లు వేలాడుతుండగా వచ్చి, షెడ్డు బయట నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"నన్ను గుడ సంఘంల కలుపుకోండ్రి సార్. నేను గుడ బండి తోలెటోన్నే గద. జర నీడకు నిలబెట్టుకుంట. ఎండ గొడితే పాలు ఇరుగుతానయ్. వాన గొడితే క్యాన్ల నీళ్లు పడ్తానయ్. నీళ్లు పడితే నేనే కలిపిన్నంటాండ్లు."

సభ్యులు నవ్వారు. రాజ్‌దూత్ వాడు సవారీదారు ఎట్లా అవుతాడని రాజేశ్వర్ రావు గారు అడిగారు. అక్కడితో అయిపోయేదే. కాని ఆ రోజు హోటల్లో స్టేషన్ ఘన్‌పూర్ రైస్‌మిల్లు యజమాని లక్ష్మీనారాయణ చాయ్ తాగుతున్నాడు. ఆయన అమాయకుడు. సంఘం చెప్పే మాటలన్నీ నమ్మేవాడు.

"గింత మంచి సవారీదార్లు, ఒకపారి మా ఘన్‌పూర్ దాక రారాదుండ్రి?" అన్నాడు. "నేను దండలేసి అన్నం పెడత. కట్టయ్యను గుడ రానియ్యుండ్రి. ఎవలు అసలో తొవ్వనే చెప్తది."

హోటల్ నిండా జనం ఉన్నారు. రాజేశ్వర్ రావు గారు మీసం మీద చేయి వేశారు. మీసం మీద చేయి వేసిన తర్వాత కాదనటం కష్టం. ఆయన లేచి తీర్మానం చెప్పారు. ఆదివారం పొద్దున అందరూ ఘన్‌పూర్ మిల్లుకు సవారీ చేయాలి. బండితో చేరనివాడిని సంఘం నుంచి తీసేస్తారు. తీసేసిన సంగతి బోర్డు మీద రాస్తారు. కట్టయ్య చేరితే అతని సంగతి మరునాడు ఆలోచిస్తారు.

"ఇంకోటి. ఎవలి తొవ్వ వాళ్లదే, ఎవలి టైం వాళ్లదే. గుంపుగ పోయెటియి గొర్లు," అన్నారు చివర.

ఎవరి దారి వాళ్లదన్న ఈ మాటకు సభ్యులందరూ ఎన్నడూ లేనంత గట్టిగా తలలు ఊపారు. ఎంత ధైర్యవంతులో అనుకుని వెంకట్రాజం ఇంకా భయపడ్డాడు.

ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాడే గాని ముద్ద దిగలేదు. బోర్డు మీద తన పేరు ఉంటుంది. పేరు ముందు బుల్లెట్ ఉండదు. ఆ ఖాళీలోకి ఏం వచ్చి కూర్చుంటుందో ఆయనకు తెలుసు. సంగతి విన్న రాజక్క, అంత భయమైతే బస్సులో పొమ్మన్నది. బస్సు మీదికి బుల్లెట్ ఎక్కించరని ఆయన విసుక్కున్నాడు. మరి రైలు మీదికి ఎక్కించరా అని ఆమె వెటకారంగా అడిగింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అది దిగింది.

ఆదివారం తెల్లవారుతూనే బండిని నడిపించుకుంటూ కాజీపేట స్టేషన్ పార్సిల్ ఆఫీసుకు పోయాడు. అక్కడ పార్సిళ్లు కట్టే జానీ మియా మొదట ట్యాంకులో పెట్రోలు అంతా తన డబ్బాలోకి వంపాడు. పెట్రోలు ఉంటే రైలు ఎక్కనివ్వరు, అది రూలు. తర్వాత బండికి గడ్డి చుట్టి, గోనెపట్టా వేసి కుట్టసాగాడు. బుల్లెట్ అని తెలియకుండా కుట్టాలని వెంకట్రాజం బతిమాలాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి సార్," అన్నాడు జానీ మియా దబ్బనం లాగుతూ. "ఇయ్యాల అందరు గదే అడుగుతాండ్లు."

ఆ 'అందరు' అనే మాటను పట్టించుకునే స్థితిలో వెంకట్రాజం లేడు. నెత్తి మీద తువాలు కప్పుకుని ప్యాసింజర్ రైలు ఎక్కాడు. ఎదురు బల్ల మీద ఇంకొకాయన కూడా తువాలు కప్పుకుని కూర్చున్నాడు. ఘన్‌పూర్ వచ్చేదాకా ఈయన ఈ కిటికీలోకి చూశాడు, ఆయన ఆ కిటికీలోకి చూశాడు. బయట వాన తప్ప చూడటానికి ఏమీ లేదు.

ఘన్‌పూర్‌లో పార్సిల్ పెట్టె తలుపు తీశారు. హమాలీలు ఒక గోనెమూట దించారు. వెంకట్రాజం దాని వైపు నడిచాడు. ఇంకోటి దించారు. ఇంకోటి. గార్డు గడియారం చూసుకుని తిట్టటం మొదలుపెట్టాడు. అన్నీ దించేసరికి ప్లాట్‌ఫారం మీద తొమ్మిది మూటలు వరసగా ఉన్నాయి, వాటి చుట్టూ తొమ్మిది తువాళ్లు నిలబడి ఉన్నాయి. ఒక తువాలు కింది నుంచి పెద్ద మీసం బయటికి వచ్చింది.

రైలు పోయింది. కాశ్మీరు కబుర్లు చెప్పే ఒకాయన తన మూట కుట్లు విప్పటంలో మునిగిపోయాడు. చివరికి రాజేశ్వర్ రావు గారు గొంతు సవరించుకున్నారు.

"అందరం వచ్చినం. బండ్లు గుడ వచ్చినయ్. ఇగ ముచ్చట బంద్."

గోనెలు విప్పారు, గడ్డి పీకారు, కిక్కులు కొట్టారు. కొట్టి కొట్టి అలిసిపోయిన తర్వాత, పెట్రోలు కాజీపేటలో జానీ మియా డబ్బాలో ఉన్న సంగతి గుర్తుకు వచ్చింది. వానలో, బురదలో, తొమ్మిది మంది బుల్లెట్ సవారీదారులు తొమ్మిది బుల్లెట్లను మిల్లు వైపు తోసుకుంటూ బయలుదేరారు. వెంకట్రాజానికి మాత్రం ఆ తోపుడులో ఎంతో సుఖంగా ఉంది. తనొక్కడే దొంగ కాదు. పేరు దక్కింది.

మిల్లు మలుపులో కట్టయ్య ఎదురయ్యాడు. నడుము దాకా బురద. పొద్దున్నే వచ్చి మిల్లు అరుగు మీద కూర్చున్నాడట. ఎంతకూ ఎవరూ రాకపోయేసరికి దారిలో ఏమైనా అయిందేమోనని మడికొండ దాకా వెనక్కి పోయి, వెతుక్కుంటూ మళ్లీ వస్తున్నాడట.

"ఒక్కరు గుడ కానరాలే సార్. నా పానం పానంల లేదు. రోడ్డు పొంటి మోరీలల్ల గుడ దిగి చూసిన."

అతని చూపు రాజేశ్వర్ రావు గారి చెవి దగ్గర ఆగింది. అక్కడ గడ్డిపోచ ఒకటి వేలాడుతున్నది. కట్టయ్య కింది నుంచి పై దాకా అందరినీ చూశాడు, స్టేషన్ వైపు చూశాడు. తన ట్యాంకు కింది పైపు పీకి, పెట్రోలు సీసాలోకి పట్టి, ఒక్కొక్క బుల్లెట్‌లో కొంచెం కొంచెం పోశాడు.

అప్పుడు తొమ్మిది బుల్లెట్లూ ఒక్కసారి మోగాయి. మలుపు నుంచి మిల్లు గేటు దాకా ఉన్న ఆ కాస్త దూరం సంఘం సవారీ చేసింది. లక్ష్మీనారాయణ ఆనందం పట్టలేక దండలు వేశాడు. ఇంత వానలో ఇంత దూరం వచ్చినా మోకాలి పైన బురద చుక్క లేదేమిటని ఆశ్చర్యపోయాడు. తోలడం వచ్చినవాడి మీద బురద పడదని రాజేశ్వర్ రావు గారు వివరించారు. అందరూ కట్టయ్య వైపు చూశారు. కట్టయ్య అరుగు కింద నిలబడి కాళ్లు కడుక్కుంటున్నాడు.

తిరుగు సవారీ గురించి సంఘంలో ఎవరూ ఎన్నడూ మాట్లాడలేదు. హనుమకొండకు పోయే మిల్లు లారీలో ఆ సాయంత్రం బియ్యం బస్తాలు కొంచెం తక్కువ పోయాయని మాత్రం తెలిసింది.

మరునాడు పొద్దున సారయ్య హోటల్లో సభ జరిగింది. జనం బాగానే వచ్చారు. సభ్యులు ఒకరి తర్వాత ఒకరు నిన్నటి దారిని వర్ణించారు. ఎదురుగాలి, గుంతలు, అడ్డం వచ్చిన బర్రెలు. ఒకాయనకు నాగుపాము కూడా ఎదురైంది. ఇంతలో హోటల్‌కు పోయవలసిన పాల క్యాను పట్టుకుని కట్టయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరూ అతన్ని కూర్చోమనలేదు.

"కట్టయ్యా, నిన్న మిల్లు మలుపు దాక తొవ్వల మమ్ములను చూసినవా?" అని అడిగారు రాజేశ్వర్ రావు గారు.

"లే సార్."

"ఒక్కన్ని గుడ?"

"ఒక్కరిని గుడ చూడలే సార్."

అధ్యక్షులు జనం వైపు తిరిగారు. తొమ్మిది మంది పెద్దమనుషులు బుల్లెట్ల మీద పోయిన దారిలో కట్టయ్యకు ఒక్క బుల్లెట్ కనబడలేదు. అంటే కట్టయ్య ఆ దారిలో లేడు. ఇందులో కోపతాపాలేవీ లేవు, ఇది లెక్క. అయినా న్యాయం కోసం ప్రతి సభ్యుడినీ అడుగుతామన్నారు. మిల్లు మలుపు రాకముందు దారిలో కట్టయ్యను చూశారా? చూడలేదని ఎనిమిది మంది ప్రమాణం చేశారు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

చివరి కుర్చీ వంతు వచ్చింది. వెంకట్రాజం లేచాడు. కట్టయ్య ఆయన వైపే చూస్తున్నాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, అడగటం కూడా లేదు. ఒక్క మాట చెప్పితే చాలు, షెడ్డు కింద పాలకు నీడ దొరుకుతుంది. ఆ మాటతోనే తొమ్మిది గోనెమూటలు చౌరస్తాలో దిగుతాయి. వెనక బల్ల మీద నుంచి ఎవరో పిలిచారు.

"చెప్పుండ్రి బుల్లెట్ వెంకట్రాజం గారూ, మీరేమంటరు?"

వెంకట్రాజం చేయి ఎత్తాడు.

"నేను గుడ చూడలే. మడికొండ దాటినంక లారీల మీద లారీలు వచ్చినయ్. ఒక్కదానికి గుడ నేను దిగలే. కట్టయ్య మాత్రం కానరాలే."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

"మంచిది సార్. నేను తొవ్వల లేను," అన్నాడు కట్టయ్య. కింద పెట్టిన క్యాను ఎత్తుకుని గుమ్మం దిగాడు.

పాలు పోయకుండా పోతున్నాడేమిటని సారయ్య పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"నేనే రాలే గదనే సారన్నా," అన్నాడు కట్టయ్య. "పాలెట్ల వస్తయ్?"

ఒక్క కిక్కుకు రాజ్‌దూత్ లేచింది. క్యాన్లు గలగలమంటూ హసన్‌పర్తి దారి పట్టాయి. సారయ్య ఏం చేయాలో తెలియక, తొమ్మిది గ్లాసుల్లో పాలు లేని చాయ్ పోసి తెచ్చి బల్ల మీద పెట్టాడు. నల్లగా, చేదుగా ఉంది. అసలైన సవారీదారు పాలు లేని చాయే తాగుతాడని రాజేశ్వర్ రావు గారు ప్రకటించారు. వెంకట్రాజం కళ్లు మూసుకుని గ్లాసు ఖాళీ చేసి, బాగుందని, ఇంకోటి తెమ్మన్నాడు.