ఎవరు పోయారని అడగరాదు

కింది వాటా సైరా చూసిందట. పై వాటా ఆవిడతో చెప్పిందట. ఆవిడ చెప్పిన కబురును అసంకుల్ భార్య పొద్దున్నే టీతో పాటు తెచ్చి మొగుడి ముందు పెట్టింది. వైద్య విశ్వవిద్యాలయం రెక్టర్ మెదెర్‌బెక్ తెల్లారీ తెల్లారకముందే కారు వెనక భాగంలోకి బతికున్న గొర్రెను కుక్కాడట. కుర్చీ ఊడకుండా ఉండడానికి కొండల్లో ఎవరో ముసలమ్మ చేత మంత్రం వేయించుకోబోతున్నాడట.

"మంత్రం కాదే, దీవెన," అన్నాడు అసంకుల్ తెల్ల ఉన్ని టోపీ వెతుక్కుంటూ. "ఊల్కన్ అమ్మ దీవెన."

"ఆవిడ మీ రెక్టర్ మొహం చూడనని ఎప్పుడో ఒట్టు పెట్టుకుందిగా! మిమ్మల్నెందుకు వెంటేసుకుపోవడం?"

"తిట్లు నలుగురికీ పంచితే ఒక్కడికి తక్కువ పడతాయని."

అసంకుల్ శరీర నిర్మాణం చెప్పే ప్రొఫెసరు. అతను, కంటి డాక్టరు ఇసబెక్, పళ్ళ డాక్టరు జోల్దోష్, మెదెర్‌బెక్ నలుగురూ కుర్రతనంలో నారిన్ లోయలోని చిన్న ఆసుపత్రిలో సర్జన్‌గా ఉన్న ఊల్కన్ అమ్మ దగ్గర కోత పని నేర్చుకున్నవాళ్ళే. నలుగురిలోనూ చేయి తిరిగినవాడు మెదెర్. తన ఆపరేషన్ బల్ల వాడికే అప్పజెప్పాలని ఆమె ఆశ. వాడేమో పెద్ద చదువుకని రాజధాని బిష్కెక్ వెళ్ళి, శాఖాధిపతై, డీనై, చివరికి రెక్టరై కూర్చున్నాడు. బల్ల ఎదురుచూసి ఎదురుచూసి పాతబడింది. ఇప్పుడు రెక్టర్ పదవి ఇంకో ఐదేళ్ళు ఇస్తామంటున్నారు. ఊల్కన్ అమ్మ అరచేతులు చాచి దీవిస్తే తప్ప ఆ కుర్చీ ఎక్కనని మెదెర్ పట్టుబట్టాడు. నిద్ర పట్టడం లేదురా అని అసంకుల్ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా.

"నేను నోరు విప్పేదాకా విషయం ఎత్తకండి," అని బయలుదేరేటప్పుడు మెదెర్ ముగ్గురికీ గట్టిగా చెప్పాడు. "నా నోటితోనే అడగాలి. మీరు పెద్దరికంగా నిలబడండి, చాలు."

దోలోన్ కనుమ ఎక్కుతుండగా రెక్టర్ గారి వోల్గా కారు ఆవిర్లు కక్కి ఆగిపోయింది. వెనక జీపులో వస్తున్న ముగ్గుర్నీ ముందు పొమ్మన్నాడు. మలుపుల దెబ్బకి ఇసబెక్ దారి పొడుగునా వాంతులు చేసుకున్నాడు. అది చూసి మిగతా ఇద్దరూ అదే పని చేశారు. ఊల్కన్ అమ్మ గుమ్మం ముందు దిగేసరికి ముగ్గురి మొహాల్లోనూ నెత్తుటి చుక్క లేదు.

ఆ లోయలో చావు కబురు మొహాన చెప్పరు. నెరిసిన గడ్డాల వాళ్ళు ముగ్గురో నలుగురో కలిసి వచ్చి గుమ్మంలో నిలబడతారు. వానల గురించీ గడ్డి గురించీ మాట్లాడతారు. మిగతాది ఇంటివాళ్ళే గ్రహించుకోవాలి. ఇది అసంకుల్‌కి తెలియనిది కాదు. కానీ తన గడ్డం నెరిసిందని ఎవడికి గుర్తుంటుంది?

"రండి నాయనా," అంది ఊల్కన్ అమ్మ టీ కెటిలు పట్టుకుని వస్తూ. ఇంకా చువ్వలా నిటారుగా ఉంది. "ముగ్గురేనా? నాలుగోవాడేడీ?"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"వెనక బండిలో ఉన్నాడమ్మా," అన్నాడు అసంకుల్.

"ఏం, మీతో రాకూడదా? ఏమైంది వాడికి?"

"మమ్మల్నేమీ అడక్కండమ్మా. వాడొచ్చాక అంతా మీకే తెలుస్తుంది." విషయం మార్చాలని అసంకుల్ కొండ వైపు చూశాడు. "ఈ ఏడు గడ్డి బాగా ఎదిగినట్టుంది."

ఆమె కెటిలు నేల మీద పెట్టింది. గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళింది. మరుక్షణం లోపల్నుంచి గుండెలు బద్దలయ్యే ఏడుపు వినిపించింది.

"అయ్యయ్యో! వీళ్ళింట్లో ఎవరో పోయార్రా," అన్నాడు జోల్దోష్. "సరిగ్గా ఇవాళే తగలడ్డాం."

"ఎవరు పోయారంటావ్?" అన్నాడు ఇసబెక్.

"ఎవరని అడుగుతారట్రా ఎక్కడైనా? సిగ్గు లేదూ? ముందు ఏడు!"

అక్కడ చావింటికి వచ్చిన మగవాడు నడుం వంచి, లోయ దద్దరిల్లేలా గొంతెత్తాలి. ముగ్గురు ప్రొఫెసర్లూ ఏ లోటూ చేయలేదు. రాజధాని నుంచి వచ్చిన పెద్దమనుషులే అంతలా ఏడుస్తుంటే చుట్టుపక్కల వాళ్ళకి ఇంకేం అనుమానం? చూస్తుండగానే పెరట్లో ఆనవాయితీ ప్రకారం శోకాల గుడారం లేచింది. ఆడవాళ్ళు లోపల గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ఊల్కన్ అమ్మ కొడుకు బోలోత్ కన్నీళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి, వచ్చినవాళ్ళ భోజనానికి బలిసిన గుర్రాన్ని కోశాడు.

"కొడుకున్నాడు. కోడలు పొయ్యి రాజేస్తోంది. పిల్లలు కట్టెలు మోస్తున్నారు," అని ఇసబెక్ కళ్ళు తుడుచుకునే నెపంతో లెక్క చూశాడు. "మరి పోయిందెవర్రా?"

"నోర్మూసుకుని ఏడవరా!"

గుడారంలోంచి ఊల్కన్ అమ్మ శోకం తేలి వచ్చింది. "నా గుర్రప్పిల్లా, నా బిడ్డా... పేగు కుడితే చుక్క కారనివ్వని చేయిరా నీది... ఈ లోయ మొత్తం గాలించినా అలాంటి చేయి దొరకదురా..."

అసంకుల్ గొంతులో ఏడుపు ఒక్కసారిగా నిజమైంది. ఆ రోజుల్లో ఆమె కుట్లు నేర్పింది గొర్రె పేగు మీదే. సాయంత్రం అదే పేగులో మాంసం కూరి ఉడకబెట్టేది. కుట్టు నిలిస్తే భోజనం, కారితే ఉత్త రొట్టె, ఉప్పు టీ. అసంకుల్ చాలా రొట్టె తిన్నాడు. మెదెర్ కుట్టిన పేగు ఏనాడూ కారలేదు. వాడి పళ్ళెంలోంచి ముగ్గురూ దొంగిలించి తినేవాళ్ళు. ఆమె చూసీ చూడనట్టు పొయ్యి వైపు తిరిగేది. ఎంత వెచ్చగా ఉండేది ఆ వంటిల్లు!

వెక్కుతున్నవాడల్లా ఠక్కున ఆగాడు. "ఒరేయ్, ఆమె ఏడుస్తున్నది మెదెర్ కోసం!"

"మెదెర్ పోయాడా?" అని జోల్దోష్ నిజంగానే కూలబడ్డాడు. "ఎప్పుడ్రా? కనుమ దగ్గర బాగానే ఉన్నాడే!"

అసంకుల్ లేచి గుడారం వైపు రెండడుగులు వేశాడో లేదో, దుమ్ము రేపుకుంటూ వోల్గా వచ్చింది. మెదెర్‌బెక్‌కి దూరం నుంచే గుడారం కనబడింది, ఏడుపు వినబడింది. ఆ ఇంట్లో ముసలి ప్రాణం ఒక్కటే. కారు ఆగకముందే దూకి, చేతులు చాచి పరిగెత్తాడు.

"అమ్మా! నా తల్లీ! నన్ను తిట్టకుండానే పోయావా!"

జనం రెండు పాయలుగా చీలారు. ఒకావిడ కళ్ళు తిరిగి పక్కావిడ మీద వాలింది. ఊల్కన్ అమ్మ గుడారం తెర తోసుకుని బయటికి వచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. అంతలో, వైద్యులు కదా, ఒకేసారి ఒకరి మణికట్టు ఒకరు పట్టుకున్నారు.

"కొట్టుకుంటోంది," అన్నాడు మెదెర్.

"నీదీ. కాస్త వేగంగా."

తర్వాత ఏడ్చినవాళ్ళే పొట్ట పట్టుకుని నవ్వారు. కోసిన గుర్రాన్ని మళ్ళీ నిలబెట్టలేం కనుక కూర్చుని తిన్నారు. గొంతు బొంగురుపోయిన ముగ్గురు ప్రొఫెసర్లకూ బోలోత్ మంచి ముక్కలు ఏరి వేశాడు. ఊల్కన్ అమ్మ మెదెర్‌ని పక్కనే కూర్చోబెట్టుకుని తన చేత్తో మాంసం పెట్టింది. ఇన్నేళ్ళ పంతం అంత తేలిగ్గా కరిగిపోయిందా అని అసంకుల్ ఆశ్చర్యపోయాడు.

మెదెర్‌కీ ధైర్యం వచ్చింది. భోజనాలు ముగిసి దీవెన వేళకి మోకాళ్ళ మీద ముందుకు జరిగాడు.

"అమ్మా, నా గురించి మీరేమని ఏడ్చారో అంతా చెప్పారు వీళ్ళు. ఈ లోయ మొత్తం గాలించినా నాలాంటి చేయి దొరకదన్నారట. ఇంకా కోపమెందుకమ్మా? దీవించండి, ఇంకో ఐదేళ్ళు ఆ కుర్చీలో కూర్చుంటాను."

దీవెన అందుకోవడానికి చుట్టూ ఉన్న వాళ్ళందరూ అరచేతులు చాచారు. ఊల్కన్ అమ్మ మాత్రం వేళ్ళకంటిన కొవ్వు నిదానంగా తుడుచుకుంది.

"అది పోయినవాడి గురించి అన్న మాటరా. బతికున్నవాడు కత్తి పట్టి ఎన్నేళ్ళయింది?"

చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి.