మామగారి కత్తెర

ఆ పొద్దున అల్లుడి పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, స్టార్ట్ చేయగానే గలగలమంటున్న కారుకు టైమింగ్ చైన్ టెన్షనర్ మార్చేయడం, మధ్యాహ్నం అదే కారులో భార్యను డ్రైవింగ్ పరీక్షకు తీసుకెళ్లడం. ఇంజన్‌లోని గొలుసు వదులు కాకుండా నొక్కిపట్టే ముక్క ఆ టెన్షనర్. వీడియో చూశాడు, చొక్కా చేతులు మడిచాడు, ఇంకేం కావాలి! భార్యకు ఇళ్లకు వెళ్లి రోగులను చూసే నర్సు ఉద్యోగం వచ్చింది. రేపటికల్లా లైసెన్సు చూపించకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

"మెకానిక్‌ని పిలుద్దామండీ," అంది ఆమె.

"అతనొచ్చి చేసేదీ ఇదే. నువ్వెళ్లి ప్రశ్నలు చదువుకో."

పని బాగానే మొదలైంది. మూత తీశాడు, పాత టెన్షనర్ ఊడదీశాడు, చెయ్యి పట్టడానికి వీలుగా గొలుసు తిరిగే పళ్లచక్రాలను కాస్త తిప్పుకున్నాడు, గొలుసు జారకుండా పైచక్రానికి దారంతో కట్టాడు. కడ్డీ ఎగరకుండా పిన్ను గుచ్చి ఉన్న కొత్త టెన్షనర్‌ను గుడ్డమీద పెట్టాక, వీడియో చూపిస్తున్న ఫోన్ చచ్చింది. ఛార్జర్ కోసం లోపలికి వెళ్లాడు.

మామగారు దర్జీ. వేలాడే దారం కనిపిస్తే కత్తిరించకుండా, గుచ్చిన పిన్ను కనిపిస్తే పీకకుండా ఉండలేరు. కూతురి పెళ్లి ఫొటోల్లో సగం వాటిలో ఆయన అల్లుడి కాలరు దగ్గర కత్తెరతోనే ఉంటారు.

అల్లుడు తిరిగొచ్చేసరికి ఆ కత్తెర జేబులోకి వెళ్తోంది.

"పోగు వేలాడుతుంటే తీసేశా బాబూ," అన్నారు తృప్తిగా.

అల్లుడు ఇంజన్‌లోకి తొంగిచూసి కొయ్యబారిపోయాడు. గొలుసు జారి అడుగున కుప్పగా పడి ఉంది.

"మావయ్యగారూ! అది పోగు కాదండీ!"

"ఇదిగో, దీంట్లో పిన్ను కూడా మర్చిపోయారు," అంటూ ఆయన కొత్త టెన్షనర్ అందుకున్నారు.

"వద్దు వద్దు! అది బిగించాకే..."

టప్! లోపల నొక్కిపెట్టిన కడ్డీ ఎగిరి పైకప్పుకు కొట్టుకుంది. దాని స్ప్రింగ్ తిన్నగా వెళ్లి ఇంజన్‌లో పడింది. మామగారి వేళ్ల మధ్య పిన్ను మిగిలింది.

చప్పుడు విని భార్య పరుగెత్తుకొచ్చింది. "అయ్యయ్యో! ఏం చేశావు నాన్నా! నా ఉద్యోగం పోయినట్టే!"

మామగారి మొహం పాలిపోయింది. జేబులోంచి కత్తెర తీసి కూతురి చేతిలో పెట్టేశారు. ఆయన కత్తెర వదలడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

కబురందుకుని మెకానిక్ తన పాత కారులో వచ్చాడు. లైటు వేసి చూసి తల పట్టుకున్నాడు.

"ఈ చక్రాలు తిప్పిందెవరు?"

"నేనే. కాస్త వీలుగా ఉంటుందని..."

"కొంప ముంచేవారు సార్! చక్రాల మీద గుర్తులు ఒకదానికొకటి కలవాలి, ఇక్కడ చూడండి, ఒకటి అటు, ఒకటి ఇటు. ఇలాగే బిగించి స్టార్ట్ చేసుంటే వాల్వులు వంగిపోయి ఇంజన్ మొత్తం పోయేది. దారం కత్తిరించి మిమ్మల్ని ఆపినవాళ్లెవరో గానీ, వాళ్లకో దణ్ణం పెట్టుకోండి."

మామగారు తన చేతుల్ని తానే వింతగా చూసుకున్నారు.

"మరి నా పరీక్ష?" అంది భార్య ఏడుపు గొంతుతో.

"నా బండి తీసుకెళ్లండమ్మా. ముసలిదే గానీ మాట వింటుంది."

ఆమె తాళం అందుకుని భర్త వైపు తిరిగింది. "మీరు పక్కన కూర్చోండి. దేన్నీ ముట్టుకోకండి."

సాయంత్రం ఆమె పాసై వచ్చింది. రాగానే తండ్రికి కత్తెర తిరిగిచ్చేసింది. ఆయన దాన్ని తెరిచి, మూసి, అల్లుణ్ణి ఎగాదిగా చూశారు.

"బాబూ, కాలరు దగ్గర పోగొకటి..."

అల్లుడు మెడ వంచాడు.