ఆరువందల కిలోల అబద్ధం

మ్యాపుల సారు ఎక్కని కొండ ఆ చుట్టుపక్కల లేదు. కాకపోతే అన్నీ కాగితం మీదే ఎక్కాడు. సర్వే ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా కుర్చీలో కూచుని, ఏ కొండ ఎంత ఎత్తో గీతలు గీసే ఉద్యోగం ఆయనది. కాగితం మీద తిరిగింది చాల్లే అనిపించి, నాలుగేళ్ల కిందట కొండదారుల్లో తిరిగే పాత ట్రక్కొకటి కొన్నాడు. ముందు రెండు సీట్లు, వెనక ఒక వరస, ఆ వెనక సామాను తొట్టి. అది ఇప్పటిదాకా ఎక్కిన పెద్ద ఎత్తు, వాళ్లింటి గేటు ముందున్న వాలు.

ఇలాంటి ట్రక్కులున్నవాళ్లంతా కలిసి గతుకుల సంఘం అని ఒకటి పెట్టుకున్నారు. దానికి పెద్ద ఒక పళ్ల డాక్టరు. ఆయన ట్రక్కు ఎక్కాలంటే నిచ్చెన కావాలి. ఆయన భార్య మూడేళ్లుగా ఆ బండి ఎక్కనే లేదు. దాన్ని కూడా ఆయన ట్రక్కు గొప్పల్లోనే కలిపి చెప్పుకుంటాడు.

ఆ బండి పక్కన నిలబెడితే మ్యాపుల సారు బండి గొంతుక్కూచున్నట్టు ఉండేది. తప్పంతా వెనక కమాన్లది. బండి బరువు మోసే ఆ ఉక్కుపట్టీల కట్టలు అరిగిపోయి, వంపు పోయి, కునుకు తీసేవాడి కనుబొమల్లా వాలిపోయాయి. బరువు చెప్పి, వంపు చెప్పి, కావలసినట్టు కొత్తవి చేయించుకోవాలని సారుకి రెండేళ్లుగా కోరిక. భార్యకి చెప్పడానికి కారణమే దొరకలేదు.

అంతలో, వాళ్ల దగ్గరే ఉండే అత్తగారు స్నానాలగదిలో జారిపడింది.

దాన్ని అవకాశం అనడం అన్యాయం. ఆయన నిజంగానే హడలిపోయాడు. ఆవిణ్ణి ఆసుపత్రిలో చేర్చాడు, అడక్కముందే రక్తమిచ్చాడు. తుంటి కీలు మార్చారు, పది రోజులుండాలన్నారు. అయితే రక్తమిచ్చిన చెయ్యి మడిచిపెట్టుకుని కూచున్న ఆ పావుగంటలోనే ఆలోచన పుట్టింది. రక్తం తగ్గితే బుద్ధి కూడా కాస్త తగ్గుతుందేమో.

"మనింటికి క్వారీ దారిలో మూడు కిలోమీటర్లు పోవాలి. అంబులెన్సు మలుపు దాకానే వస్తుందట. ఈ అరిగిపోయిన కమాన్ల మీద అత్తయ్యగారిని ఎలా తీసుకొస్తాం? కొత్తవి చేయించాల్సిందే. పువ్వులా తేవాలి ఆవిణ్ణి," అన్నాడు.

భార్య బళ్లో లెక్కలు చెబుతుంది. జవాబు సరిగ్గానే ఉండి చేసిన పద్ధతి మీద అనుమానం వచ్చినప్పుడు పిల్లల వంక ఎలా చూస్తుందో, అలా చూసింది.

"అమ్మకోసమేనా?"

"మరింకెవరికోసం?"

"అయితే చేయించండి."

కమాన్ల మేస్త్రి మాట తక్కువ మనిషి. బండిలో రోజూ ఉండే బరువెంతని అడిగాడు. ఏడాదికోసారి మోసేది కాదు, రోజూ ఉండేది. బరువుకి తగ్గ పట్టీ వెయ్యాలి, ఎక్కువ బరువుకి చేసినవి ఖాళీ బండికి కడితే ఎత్తెత్తి కుదేస్తాయి అన్నాడు.

మ్యాపుల సారు ఉన్న బరువు చెబితే ఉన్న ఎత్తే వస్తుంది. అందుకని కళ్లు మూసుకుని తన కలలో బండిని చూసి చెప్పాడు. బండిని బురదలోంచి లాగే యంత్రం, రెండు స్టెప్నీలు, నీళ్ల డ్రమ్ము, పనిముట్ల పెట్టె, గుడారం. మొత్తం ఆరువందల కిలోలు. వీటిలో ఆయనకున్నది గుడారం ఒక్కటే, దాని సీలు కూడా విప్పలేదు.

మేస్త్రి ఖాళీ తొట్టిలోకి వంగి చూశాడు. అవన్నీ ఇంట్లో ఉన్నాయన్నాడు సారు. ఇంటి ఫోన్ నంబరు కూడా రాసిమ్మన్నాడు మేస్త్రి. అవగానే కబురు చెప్పడానికి కాబోలనుకుని సారు రాసిచ్చాడు.

ఐదో రోజు ఆసుపత్రిలో పెద్ద డాక్టరు అందర్నీ నిలబెట్టి చెప్పాడు. నెల్లాళ్లు గట్టి కుదుపు తగలకూడదు, కీలు జారిందంటే మళ్లీ కొయ్యాలి. చెబుతూ, బండి నడిపేది మీరేనా అన్నట్టు సారు వైపే చూశాడు.

 సారు గబగబా వరండాలోకొచ్చి మేస్త్రికి ఫోన్ చేశాడు. పట్టీలు కాల్చి, వంచి, నూనెలో ముంచి తీసేశానన్నాడు మేస్త్రి. ఇక ఎవరూ మార్చలేరు. "చెప్పిన బరువుకే చేశాను బాబూ, కిలో తేడా రాదు," అని ధైర్యం కూడా చెప్పాడు.

నిజం చెప్పేద్దామని మూడుసార్లు గదిలోకి వెళ్లాడు. మూడుసార్లూ అత్తగారు ఎవరో ఒక నర్సుతో చెబుతూనే ఉంది. "మా అల్లుడు నాకోసం బండికి కొత్త కమాన్లు చేయిస్తున్నాడమ్మా. సొంత కొడుకున్నా ఇంతకంటే ఏం చేస్తాడు?" మూడోసారి నర్సు ఆయనకి నమస్కారం పెట్టింది. నమస్కారం పెట్టిన మనిషి ఎదుట నిజం చెప్పడం చాలా కష్టం.

అబద్ధాన్ని వెనక్కి తీసుకోలేకపోతే, దాన్ని నిజం చేసెయ్యడమే దారి. కమాన్లు ఆరువందల కిలోలకి మెత్తగా సాగుతాయి. ఆరువందల కిలోలు ఉంటే సరి.

డిశ్చార్జి రోజు పొద్దున్నే మేస్త్రి మనుషులు కమాన్లు బిగించేశారు. ఎత్తు పెద్దగా పెరిగినట్టు లేదు. కొత్తవి కదా, మొహమాటపడుతున్నాయేమో అనుకున్నాడు సారు. పక్కనే ఉన్న ఇసక కొట్టుకి పోయి, యాభై కిలోల బస్తాలు పన్నెండు తొట్టిలో వేయించి, పైన టార్పాలిన్ కప్పాడు.

బయల్దేరగానే మొదటి గుంటలో నడుం జివ్వుమంది. రెండో గుంటలో పై పలువరస కింది పలువరసని పలకరించింది. బరువుండగానే ఇంత మొండిగా ఉంటే ఖాళీగా ఇంకెంతో అనుకున్నాడు పాపం. ఇంకా బరువు చాలలేదన్నమాట. వెనక్కి తిప్పి ఇంకో నాలుగు బస్తాలు వేయించాడు.

ఇప్పుడు ముందు దీపాలు ఆకాశంలో కాకుల్ని చూస్తున్నాయి, వెనక బంపరు రోడ్డుని ఊడుస్తోంది. ఆసుపత్రి స్పీడ్ బ్రేకరు మీద బండి చేసిన చప్పుడుకి కునుకుతున్న వాచ్‌మన్ లేచి సెల్యూట్ చేశాడు.

మెట్ల దగ్గర చక్రాల కుర్చీలో అత్తగారు, వెనక భార్య. భార్య బండి చుట్టూ ఒకసారి నడిచి, టార్పాలిన్ ఎత్తి చూసింది.

"ఏమండీ, ఇల్లేమైనా కడుతున్నామా?"

అప్పుడు చెప్పేశాడు. పళ్ల డాక్టరు నిచ్చెన దగ్గర్నుంచి పదహారో బస్తా దాకా, తల దించుకుని. చివర్న, "కమాన్లు ఆరువందల కిలోలకి చేయించాను. ఇసక దింపితే ఎగిరిపడుతుంది. దింపకపోయినా ఎగిరిపడుతోంది. మలుపు దాకా అంబులెన్సులో వద్దాం. అక్కణ్ణుంచి నేనే ఎత్తుకు నడుస్తాను," అన్నాడు. మూడు కిలోమీటర్లు. నవ్వులాటకి అనలేదు.

భార్యకి నవ్వొచ్చింది గాని, ఆ చివరి మాటతో ఆగిపోయింది.

"అక్కర్లేదు. మేస్త్రి కమాన్లు నూట ఇరవై కిలోలకే చేశాడు. సీట్లో మనుషుల బరువు కాక. ఆ ఇసకకే అవి అణిగిపోయి కుదేస్తున్నాయి."

"ఎవరు చెప్పారు నీకు?"

"నేనే ఆయనకి చెప్పాను. ఆయన బండిలో బరువెంతో ఇద్దర్ని అడుగుతాడట. నడిపేవాళ్లని ఒకసారి, పక్కన కూచునేవాళ్లని ఒకసారి. రెండూ కలవకపోతే పక్కన కూచునేవాళ్ల మాటే లెక్కట. ఇంటికి ఫోన్ చేశాడు. అమ్మ నడిచే స్టాండు, కూరగాయలు, నా పరీక్ష పేపర్ల కట్టలు, మీ గుడారం, అంతా కూడి చెప్పాను. ఎత్తు కూడా పెంచొద్దన్నాను, అమ్మ కాలెత్తకూడదుగా."

"మనుషుల బరువు కూడా అడిగాడా? నాదెంతని చెప్పావు?"

"మీరు చెప్పుకునేది కాదు, ఉన్నది."

"మరి నాకో మాట చెప్పొచ్చుగా?"

"అమ్మకోసమే అన్నారు కదండీ. అమ్మకోసమే చెప్పాను. అందులో మీకు విడిగా చెప్పడానికేముంది?"

 సారు చొక్కా చేతులు మడిచి, ఆసుపత్రి తోటమాలి చూపించిన చోట పదహారు బస్తాలూ ఒక్కడే ఈడ్చి దింపాడు. ఒక్కో బస్తాకీ బండి వెనక భాగం కాస్త కాస్త లేస్తూ వచ్చింది, తిట్టిన తర్వాత మెల్లగా మొహం ఎత్తే పిల్లాడిలా.

ఇదంతా చూసిన నర్సు, ఏమిటమ్మా ఆ ఇసక అని అడిగింది. 

"బండి తట్టుకుంటుందో లేదోనని ఇసకతో నడిపి చూశాడమ్మా," అంది అత్తగారు తడుముకోకుండా. "నన్నెక్కించే ముందు."

నర్సు మళ్లీ నమస్కారం పెట్టింది. ఈసారి ఆయన అత్తగారికి పెట్టాడు.

ఆవిడ వెనక సీట్లో దిళ్ల మధ్య కాలు చాపుకుని కూచుంది, పక్కన భార్య. "క్వారీ దారి వచ్చే ముందు చెప్పండి అల్లుడుగారూ, కళ్లు మూసుకుంటాను," అంది. భయం ఆవిడ గొంతులో ఉంది, భార్య చేతుల్లో ఉంది. తల్లి మోకాలి మీద ఆ వేళ్లు తెల్లబడేలా బిగుసుకుని ఉన్నాయి, అద్దంలో కనబడుతూనే ఉన్నాయి.

చెప్పేదాకా ఆగలేక, బండి కదలగానే ఆవిడ కళ్లు మూసేసుకుంది. క్వారీ దారిలో మొదటి గుంట వచ్చింది.  బండి వంగి, లేచి, ముందుకు పోయింది. రెండోదీ అంతే. రాళ్ల మధ్య లారీలు తొక్కి పాడుచేసిన చోట కూడా, నిద్రపోయే బిడ్డని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నట్టు మెల్లగా ఒరిగి సర్దుకుంది. అద్దంలో వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి.

ఇంటి గేటు ముందు ఆపి సారు ఇంజను కట్టేశాడు.

"ఏం అల్లుడుగారూ, ఆపారు?" అంది అత్తగారు కంగారుగా. "క్వారీ దారి వచ్చిందా?"

 ఆయన అద్దంలోంచి భార్య వైపు చూశాడు. భార్య కళ్లు తుడుచుకుని, తల్లి పక్కన తలుపు తీసింది.