పేజీ నంబరు పడిన దీవి

1968 జనవరి ఇరవై రెండు, సోమవారం. ఆ ఉదయం అచ్యుతరామయ్య తిన్నది చద్దన్నం, పెరుగు, ఒక మాగాయ టెంక. మాగాయ కొంచెం ఉప్పెక్కింది. ఆయన దాన్ని ఏమీ అనలేదు. భార్య వేదవతి చనిపోయాక ఈ మూడేళ్ళలో ఆయన పెట్టిన పచ్చళ్ళన్నీ బూజు పట్టాయి; ఇదొక్కటే నిలబడింది. నిలబడినవాటిని ఆయన తప్పుపట్టడు.

ఆరోజు ఆయన సెలవు చీటీ పెట్టబోతున్నాడు. ఫిబ్రవరి పన్నెండున మద్రాసు నుంచి అండమాన్‌కు ఓడ ఉంది. పదిహేను రోజుల సెలవు దొరికితే చాలు.

తార్నాకలో వాళ్ళింటి వంటగది గోడకు ఒకప్పుడు కిరాణా కొట్టువాడిచ్చిన క్యాలెండరు ఉండేది. నీలం సముద్రం, నడుమ కొబ్బరిచెట్ల దీవి. ఏడాది అయిపోయినా వేదవతి ఆ బొమ్మను తీయనివ్వలేదు. పప్పు ఉడికేదాకా దాని ముందే నిలబడేది. గోదావరి తప్ప పెద్ద నీళ్ళు ఎరగని మనిషి. ఒకనాడు బొమ్మను కత్తిరించి, వెనకవైపు 'దీవికి వెళ్తే చేయవలసినవి' అని రాసి, కింద మూలన సన్నగా తన పేరు పెట్టుకుంది.

ఒకటి, సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడం చూడాలి. రెండు, మోకాలి లోతు నీళ్ళలో నిలబడాలి. కాళ్ళ కింద ఇసుక జారిపోతుందట. మూడు, గవ్వలు ఏరాలి. నాలుగు, అప్పుడే దింపిన కొబ్బరిబొండం తాగాలి. ఐదు, పడవలో పక్క దీవికి వెళ్ళి రావాలి. ఆరు, ఒక సాయంత్రం ఏ పనీ లేకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా, చీకటిపడేదాకా ఒడ్డున కూర్చోవాలి.

ధైర్యానికని ఆ కాగితాన్ని కూడా జేబులో వేసుకుని అచ్యుతరామయ్య ఆఫీసుకు నడిచాడు.

యూనివర్సిటీ ఆవరణలో, చెట్ల వెనక ఉన్న ఉష్ణమండల సస్య విభాగానికి ఆయన హెడ్ క్లర్కు. అక్కడ ఆయన పెట్టిన సూత్రాలు రెండు. పేజీ నంబరు పడిన కాగితాన్ని ఎవరూ ఫైలులోంచి తీయకూడదు. ఒక్క అంశం మిగిలి ఉన్నా ఫైలు మూయకూడదు. అటెండరు కొమురెల్లికి ఈ రెండిటినీ పన్నెండేళ్ళుగా నూరిపోశాడు.

ఆయన 'సొంత పని మీద' అంటూ సెలవు చీటీ రాసి, పక్కన దీవి కాగితం పెట్టుకుని ఒకసారి చూసుకుని, మంచినీళ్ళకని లేచాడు. తిరిగి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది.

"కొమురెల్లీ! ఇక్కడి కాగితాలేవయ్యా?"

"టూరు ఫైలుకు ట్యాగేసిన సార్. డైరెక్టర్ సాబ్ అడిగిండ్రు. కాగితం ఒంటరిగ ఉండొద్దని మీరే చెప్తరు గద."

"అయ్యయ్యో, ఒకటి నా సొంతానిదయ్యా! తీసెయ్, తీసెయ్!"

"ఎట్ల తీస్త? నలభై ఏడో నంబరేసిన. నంబరు పడ్డంక దేవుడొచ్చినా తియ్యొద్దన్నరు."

దేవుడు రాలేదు గాని డైరెక్టరు గది గంట మోగింది.

డైరెక్టరు పార్థసారథి గారు ఐదేళ్ళుగా ప్రతి ఫిబ్రవరిలోనూ ఒకే కొండకు సిబ్బందిని తీసుకెళ్ళి ఒకే రకం ఆకులు కోసుకొస్తున్నారు. ఈ ఏడు ఎక్కడికి వెళ్ళాలో ఎవరైనా చెబితే బాగుండునని ఆయన ఫైలు తెరిస్తే నలభై ఏడో పేజీలో దీవి కనిపించింది.

"అచ్యుతరామయ్య గారూ! ఏం ప్రోగ్రామండీ ఇది! ఎవరు రాశారో గాని, చూడండి, 'కాళ్ళ కింద ఇసుక జారిపోతుందట'! తీరపు మొక్కల వేళ్ళ సమస్యంతా ఈ ఒక్క ముక్కలో లేదూ?"

"సార్, ఆ కాగితం…"

"ఆ కాగితమే కావాలి నాకు!" అంటూ ఆయన ఆరు అంశాలూ గొంతెత్తి చదివారు. కుర్చీలోంచి లేచి మరోసారి చదివారు. వేదవతి రాసినదాన్ని ఇంత సంబరంగా చదివిన మనిషి లోకంలో మరొకరు లేరు. అచ్యుతరామయ్య ఆ కాగితం తనదని చెప్పడం మానుకున్నాడు.

మధ్యాహ్నానికి అనుమతి వచ్చేసింది. స్టోర్‌కీపరు ఇన్నయ్యకు రెండో అంశం, బూట్లతో సహా. కొబ్బరిబొండాలకు కొమురెల్లి. మిగతావి డైరెక్టరు స్వయంగా. దీవి అంటే డైరెక్టరు లెక్కలో అండమానే; ఓడ ఫిబ్రవరి పన్నెండుదే. నలభై ఎనిమిదో పేజీలో ఉన్న సెలవు చీటీ మీద ఎర్ర సిరాతో ఒక వాక్యం: 'పర్యటన కాలంలో కార్యాలయం చూచుకొనుటకు హెడ్ క్లర్కు ఉండవలెను. సెలవు నిరాకరించడమైనది.'

తర్వాతి రెండు వారాలూ విభాగం పెళ్ళివారిల్లయింది. డైరెక్టరు రిహార్సల్ పెట్టారు. ఇన్నయ్య మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు తొడుక్కుని తామరతొట్టిలోకి దిగాడు. బూట్లలోకి నీళ్ళు చేరాయి.

"సార్, కాలు వస్తలేదు!"

"ఇసుక జారుతోందా?"

"ఇసుక లేదు సార్, నేనే జారుతున్న!" అంటూ ఇన్నయ్య ఆకులతో సహా మునిగాడు. కాలేజీ కుర్రాళ్ళు చప్పట్లు కొట్టి, మళ్ళీ మునగమని ఒక రూపాయి పందెం కాశారు. కొమురెల్లి ఆవరణలో కొబ్బరిచెట్టు దొరక్క ఈతచెట్టు ఎక్కాడు. దిగడం మాత్రం సాయంత్రం నిచ్చెన దొరికాకే కుదిరింది.

కబురు తార్నాకకు పాకడానికి పూట కూడా పట్టలేదు. పక్కింటి అమృతమ్మ సకినాల డబ్బాతో వచ్చింది. ఆమె భర్త లాలాగూడ రైలు వర్క్‌షాపులో ఫిట్టరు.

"ఏందన్నా, దీవికి పోతున్నవంట! వదిన ఎన్నిసార్లు చెప్పిందో నాకు. మా పిల్లకు గవ్వలు తే. శంఖం దొరికితే మా అత్తకు. సముద్రం నీళ్ళొక సీసల తే, గృహప్రవేశానికి పనికొస్తయి."

"అమృతమ్మా, నేను…"

"ఎక్కువ మాట్లాడకు. ఓడల కడుపుల తిప్పుతదంట. నిమ్మకాయలు కూడ పెట్టిన."

ఆమె వెనకే వీధి వీధంతా వచ్చింది. ఆదివారానికి ఆయన ఇంట్లో నాలుగు పచ్చడి జాడీలు, ఒక గొడుగు, పద్నాలుగు ఖాళీ సీసాలు చేరాయి. ఎవరి ముఖం చూసినా వెలిగిపోతోంది. సెలవు రాలేదని చెప్పి ఇంతమంది సంతోషాన్ని ఆర్పడం ఆయనవల్ల కాలేదు.

పన్నెండో తేదీ ముందురోజు నాంపల్లి స్టేషన్లో ఆయన మద్రాసు రైలెక్కించింది మిగతా ముగ్గురినీ, జాడీలనీ, సీసాలనీ. చేతిలో నిమ్మకాయలు మిగిలాయి. అమృతమ్మ ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉంది.

"నువ్వెక్కలేదేందన్నా?"

అప్పుడు చెప్పాడు. ఆమె నిమ్మకాయలు తిరిగి తీసుకుని, ఆ సాయంత్రం పులిహోర చేసి పంపింది.

మూడు వారాలు ఆఫీసులో ఆయన ఒక్కడే. ఫోను మోగలేదు. చుట్టూ చెట్లు, నడుమ ఆయన బల్ల. క్యాలెండరు బొమ్మ మాత్రం ఫైలుతోపాటు సముద్రం మీద ఉంది. వేదవతి ప్రయాణం చేస్తోందిలే అనుకుని, వచ్చిన టపాకు జవాబులు రాసుకున్నాడు.

మార్చి మొదటి వారంలో ముగ్గురూ నల్లగా, చర్మం ఊడుతూ దిగారు. డైరెక్టరు ఫైలు తెచ్చి ఆయన బల్ల మీదే పెట్టి నిలబడ్డారు. పేజీ యాభై మూడు, నివేదిక:

'ఒకటి, సూర్యుడు పైకి వచ్చెను. రెండు, నిలబడడమైనది, ఎడమకాలి బూటు సముద్రమునకు పోయినది. మూడు, గవ్వలు నూట పన్నెండు. నాలుగు, తాగడమైనది. ఐదు, వెళ్ళి రావడమైనది. ఇన్నయ్య కడుపు తిరిగి రావడానికి రెండు రోజులు ఎక్కువ పట్టినది. ఆరు, ఒడ్డున కూర్చుండగా ఇన్నయ్య మాట్లాడెను. అంశము పూర్తి కాలేదు.'

"ఇక ఫైలు మూసేద్దామా?" అన్నారు డైరెక్టరు, ఎటో చూస్తూ.

"ఎట్ల మూస్తరు సార్?" కొమురెల్లి ముందుకొచ్చాడు. "ఒక్క అంశం మిగిలినా మూయొద్దని రూలున్నది ఈడ."

"అవునా? అయితే నోరు విప్పకుండా కూర్చోగల మనిషిని పంపాలి. మన ఆఫీసులో అలాంటివాళ్ళు ఎవరున్నారబ్బా?"

ముగ్గురూ అచ్యుతరామయ్య వైపు తిరిగారు. డైరెక్టరు యాభై నాలుగో పేజీ తీశారు. ఉత్తర్వు టైపయి, సంతకంతో సహా సిద్ధంగా ఉంది. తర్వాతి ఓడ. డ్యూటీ మీద.

"కింద మూలన పేరుందండీ," అన్నారాయన నెమ్మదిగా. "ఇక్కడ కళ్ళజోడు లేకుండా చదివాను. ఓడలో కనిపించింది."

అచ్యుతరామయ్య కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. డైరెక్టరు వెళ్ళాక కొమురెల్లి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఆ పొద్దు నిజానికి మంచిగనే కూసున్నం సార్. చీకటి పడొస్తుంటే, 'ఇన్నయ్యా, ఏమన్నా మాట్లాడవయ్యా' అని డైరెక్టర్ సాబే బతిమిలాడిండు."

ప్రయాణం ముందు రాత్రి అమృతమ్మ నిమ్మకాయలు ఇచ్చి వెళ్ళింది. సీసాలు మాత్రం ఈసారి రెండే తెచ్చింది. అచ్యుతరామయ్య ట్రంకుపెట్టెలో పంచెలు సర్ది, పైన ఫైలు పెట్టి, పక్కింటి పిల్లలు లేవకుండా వీధి తలుపు చప్పుడు కాకుండా మూసుకున్నాడు. ఒక్క కాగితం తీసుకెళ్తే సరిపోయేదే, కానీ నంబరు పడింది కనుక యాభై నాలుగు పేజీలూ అండమాన్ వెళ్ళాల్సిందే.